బొమ్మలు లేని ఆట

ఆట అనేసరికి మనకు కళ్ళముందు ఏదో ఒక బొమ్మ వుండాలి. చిన్నతనంలో లక్కపిడతలు, కొండపల్లి బొమ్మలు. కాస్త ఎదిగాక వైకుంఠపాళీ పటం, అందులో నోరు తెరుచుకున్న పెద్దపాము. ఇంకా ఎదిగాక పేకముక్కల మీద రాజూ, రాణీ. ఇక ఈ కాలపు పిల్లల ఆటల సంగతి చెప్పనే అక్కరలేదు. అరచేతిలో పట్టే ఫోనులో అడవులూ, కోటలూ, కార్లూ, తుపాకులూ! చూసేవాళ్ళకు రెప్పవెయ్యడానికి వ్యవధి వుండదు.

అటువంటిది, ఒక్క బొమ్మయినా లేకుండా వట్టి మాటలతో కంప్యూటరు ఆటలు తయారుచేసి, వాటిని లక్షల సంఖ్యలో అమ్మి, పదేళ్ళపాటు వెలిగిన కంపెనీ ఒకటి వుండేదంటే మీరు నమ్ముతారా? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 1979లో పుట్టి, 1989లో మూతపడిన ఆ కంపెనీ పేరు ఇన్ఫోకామ్. తెలుగు పాఠాలు చెప్పుకునే దానివి, ఆటల కంపెనీతో నీకేం పని అని మీరడగవచ్చు. పని వుంది. ఆ పని మా ఇంట్లోనే పుట్టింది.

మా అబ్బాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడు ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా తెలుగు తీసుకోలేదు; సంస్కృతం తీసుకున్నాడు. తెలుగు లెక్చరరు కొడుకు తెలుగు చదవడం లేదన్నది మా స్టాఫురూములో కొన్నాళ్ళు చెప్పుకోదగ్గ విశేషమే అయింది. వాడి వాదన వాడికుంది. "మార్కులమ్మా! తెలుగులో పేజీలకు పేజీలు రాసినా అన్ని మార్కులు రావు" అన్నాడు. ఊళ్ళో పిల్లలంతా అదే దారిన పోతూవుంటే వీణ్ణొక్కణ్ణి నిలబెట్టి ఏం లాభమని నేనూ వూరుకున్నాను. కాని అప్పటినుంచి మా ఇద్దరి మధ్యా ఆ ప్రసక్తి రావడం మానేసింది. అన్నం, ఫీజు, బస్సు – వీటిని గురించి తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం గాని, తెలుగును గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

అలాంటివాడు పోయిన వేసవిలో ఒకనాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా! 'ఇల్లు' అనే మాట 'ఇంటి' అని ఎందుకవుతుంది?" అని అడిగాడు. నా చేతిలో గరిట చేతిలోనే వుండిపోయింది. ఇల్లు – ఇంటిలో, చెయ్యి – చేతిలో, నుయ్యి – నూతిలో. వీటిని ఔపవిభక్తికాలంటారనీ, చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటి సంగతి చక్కగా చెప్పాడనీ చెప్పాను. వాడు శ్రద్ధగా విని కాగితం మీద రాసుకున్నాడు. పరీక్షకు కానిదీ, ప్రశ్నపత్రంలో రానిదీ ఒక వ్యాకరణ విషయాన్ని మా వాడు రాసుకోవడం నేను చూడడం అదే మొదలు.

"ఎందుకురా ఇదంతా?" అన్నాను.

"ప్రాజెక్టమ్మా. తెలుగులో చెబితే విని, తెలుగులో జవాబు చెప్పే ఆట ఒకటి చేస్తున్నాను. ఇన్ఫోకామ్ వాళ్ళు ఇంగ్లీషులో చేసినట్టు" అన్నాడు. అలా ఆ పేరు మొదటిసారి విన్నాను. ఆ వేసవి సెలవులు పూర్తయ్యేసరికి ఆ కంపెనీ ఆటలు వాడితోపాటు కూర్చుని అరడజను చూశాను. వాటి చరిత్ర కూడా కొంత చదివాను.

కథ 1970ల నడిమి భాగంలో మొదలవుతుంది. విల్ క్రౌదర్ అనే ప్రోగ్రామరు కొండగుహల్లో తిరగడం సరదాగా పెట్టుకున్నవాడు. కెంటకీ రాష్ట్రంలోని పెద్ద గుహ నొకదాన్ని ఆధారం చేసుకుని, తన కూతుళ్ళ కోసం కంప్యూటరు మీద ఒక ఆట రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో వున్న డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దచేశాడు. దాని పేరు 'అడ్వెంచర్'. మనం రెండు మాటలు టైపు చెయ్యాలి, గుహలో ఏం జరిగిందో అది చెబుతుంది. 1977లో ఆ ఆట ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాసంస్థకు చేరింది. అక్కడి కంప్యూటరు ప్రయోగశాలలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు దాన్ని ఆడి ముగించి, "ఇంతకంటె మంచిది మనమే చేద్దాం" అనుకున్నారు. అలా పుట్టింది 'జోర్క్'. ఆ మాటకు అర్థం లేదు. ఇంకా పూర్తికాని ప్రోగ్రాములను అక్కడ అలా పిలిచేవారట. మధ్యలో వేరే పేరు పెట్టబోతే ఆ పేరు మాదంటూ మరొక కంపెనీ అడ్డుపడింది. ఆ అర్థం లేని మాటే చివరికి స్థిరపడింది.

ఆట ఎలా వుంటుందంటే – మీరొక తెల్లటి ఇంటిముందు నిలబడి వుంటారు. ముందు తలుపుకు బల్లలు కొట్టేసి వుంటాయి. పక్కనే ఉత్తరాల పెట్టె. ఇంతవరకూ అది చెబుతుంది. తరవాత ఏం చేస్తారో మీరు రాయాలి. పెట్టె తెరవమంటే తెరుస్తుంది, ఇంటి వెనక్కు వెళ్ళమంటే వెళుతుంది. లోపల తివాచీ తొలగిస్తే నేలమాళిగ తలుపు కనిపిస్తుంది. దిగితే చీకటి. అక్కడనుంచి దీపమే ప్రాణం. చీకట్లో అడుగు వేశారా, 'గ్రూ' అనే జంతువు తినేస్తుంది. ఈ గ్రూ పుట్టుకే ఒక తమాషా. మొదట్లో చీకట్లో నడిస్తే అగాధంలో పడిపోయినట్టు రాశారు. తీరా చూస్తే ఇంటి అటక మీద చీకట్లో నడిచినా అగాధంలో పడిపోతున్నారు! కింద హాలుండగా అటకలో అగాధ మేమిటని ఎవరికో సందేహం వచ్చింది. అప్పుడు అగాధాలు పూడ్చి, లెబ్లింగ్ చీకటికి ఒక జంతువును కాపలా పెట్టాడు.

1979 జూన్ 22న ఆ ప్రయోగశాలకు చెందినవాళ్ళు పదిమంది కలిసి ఇన్ఫోకామ్ కంపెనీ పెట్టారు. ఏం అమ్మాలో మాత్రం పెట్టేనాటికి వాళ్ళకే స్పష్టంగా తెలియదు. చేతిలో వున్న సరుకు జోర్క్ ఒక్కటే. అది గదంత కంప్యూటరు మీద రాసింది. బజారులో వచ్చినవి బల్లమీద పట్టే చిన్న కంప్యూటర్లు. పైగా ఒక్కొక్క కంపెనీ కంప్యూటరుది ఒక్కొక్క తీరు. అప్పుడు జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఒక ఉపాయం పన్నారు. అసలు లోకంలో లేని యంత్రాన్ని ఒకదాన్ని ఊహించి, దానికి 'జెడ్ యంత్రం' అని పేరుపెట్టి, ఆటలన్నీ ఆ యంత్రానికే రాశారు. తరవాత ఒక్కొక్క రకం కంప్యూటరుకూ ఆ ఊహాయంత్రంలా నటించే చిన్న ప్రోగ్రామొకటి రాస్తే చాలు. గ్రామఫోను ప్లేటు ఒకటే, పెట్టె ఎవరిదైతేనేం, పాట వస్తుంది గదా! అదీ సూత్రం. పెద్ద ఆటను మూడు ముక్కలు చేసి 1980, 1981, 1982లలో మూడు జోర్కులుగా విడుదల చేశారు. మొదటిదాన్ని వేరే కంపెనీ ద్వారా అమ్మించారు గాని, తొందరలోనే తమ సరుకు తామే అమ్ముకోవడం ప్రారంభించారు.

వాళ్ళ అసలు గొప్పతనం భాష దగ్గర వుంది. అడ్వెంచర్ ఆటకు రెండు మాటలే అర్థమయ్యేవి. జోర్క్‌కు పూర్తి వాక్యం అర్థమవుతుంది. సందేహం వస్తే, "ఏ తలుపు?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. మావాడి కష్టమంతా ఇక్కడే మొదలయింది. ఇంగ్లీషులో ఆజ్ఞాపిస్తే క్రియ ముందు వస్తుంది, వస్తువు తరవాత, మధ్యలో విడిగా ఒక చిన్న మాట. యంత్రానికి పని సులువు. మనకు క్రియ చివర. దాని ముందు "కత్తి పెట్టెలో పెట్టు" అన్నా, "పెట్టెలో కత్తి పెట్టు" అన్నా ఒకటే. విభక్తి మాటను అంటిపెట్టుకునే వుంటుంది. అంతేకాదు, తొలినాటి జెడ్ యంత్రం ప్రతి మాటలోనూ మొదటి ఆరక్షరాలే చూసేది. మిగతాది చూడనక్కరలేదని వాళ్ళ ధీమా. ఇంగ్లీషు మాటను తలతో గుర్తుపట్టవచ్చు. మన మాటకు తోకలో ప్రాణం! పుస్తకంలోకి, పుస్తకంలోంచి, పుస్తకంతో – తోక కోస్తే ఇంక మిగిలేదేమిటి?

అక్షరాల సంగతీ అంతే. స్థలం ఆదా చెయ్యడానికి ఆ యంత్రంలో ఒక్కొక్క అక్షరానికీ అయిదు బిట్లే ఇచ్చారు. అంటే ముప్ఫైరెండు సంకేతాలు. ఇరవయ్యారు అక్షరాల వాళ్ళకు అది సరిపోతుంది. యాభయ్యారు అక్షరాలూ, గుణింతాలూ, వత్తులూ వున్నవాళ్ళం మనం అందులో ఎక్కడ కూర్చుంటాం? అందుచేత మావాడు వాళ్ళ యంత్రాన్ని పక్కనబెట్టి, పైథాన్ అనే భాషలో తన ప్రోగ్రాము తానే మొదలుపెట్టాడు. పద్ధతి మాత్రం వాళ్ళదే.

మొదటి గదిలో ఒక పెట్టె, ఒక దీపం, ఒక తలుపు పెట్టాడు. "తలుపు తియ్యి" అంటే తెరవడం. "దీపం తియ్యి" అంటే చేతిలోకి తీసుకోవడం. మరి "పెట్టె తియ్యి" అంటే? తెరవడమా, ఎత్తుకోవడమా? తెలుగువాళ్ళం ఈ మాట రోజూ అంటూనే వున్నాం, ఎవరికీ చిక్కు రావడం లేదు. యంత్రానికి వచ్చింది. "తలుపు వెయ్యి" అంటే మూయడం, "పొయ్యిలో కట్టె వెయ్యి" అంటే లోపల పెట్టడం, "తాళం వెయ్యి" అంటే మరొకటి. ఒక్కొక్క క్రియకూ ఏ నామం పక్కన వుంటే ఏ అర్థమో మేమిద్దరం పట్టికలు రాశాం. ఇరవైరెండేళ్ళుగా పాఠం చెబుతున్నానుగాని, 'తియ్యి' అనే రెండక్షరాల మాటను గురించి అంతసేపు నేనెప్పుడూ ఎవరితోనూ చర్చించలేదు.

మా చర్చ వింటూ మా అత్తగారు వచ్చి కూర్చునేవారు. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కళ్ళు సరిగా కనపడవుగాని చెవులు బాగా పనిచేస్తాయి. ఒకనాడు మనవడు ఆవిడచేత ఆట ఆడించాడు. గది వర్ణన చదివి వినిపించి, "ఇప్పుడు దీపంతో పని అయిపోయింది, ఏం చేస్తావు బామ్మా?" అన్నాడు.

"ఏం చేస్తాను, ఘనం చేస్తాను" అన్నారావిడ.

వాడు అలాగే కొట్టాడు. 'ఆ మాట నాకు తెలియదు' అంది యంత్రం. వాడికీ తెలియదు. "ఆర్పు అనాలి బామ్మా" అన్నాడు.

"దీపం ఆర్పడమేమిట్రా, సంధ్యవేళ! అలాంటి మాట అనకూడదు. ఘనం చెయ్యమను, కొండెక్కించమను. నీ మరకు ఆమాత్రం తెలియకపోతే నేర్పు" అన్నారు.

నాకు తెలిసిన మాటలే. కాని అలా వరసగా ఎప్పుడూ ఆలోచించలేదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఇల్లు దాటుతూ వెళతానని అనం, వెళ్ళొస్తానంటాం. గాజు పగిలితే పెరిగిందంటారు. మన ఇళ్ళలో లేమిని చెప్పవలసినప్పుడల్లా నిండుతనాన్ని చెప్పే మాట వాడారు మన ఆడవాళ్ళు. అక్షరాల అర్థం తీసుకునే యంత్రానికి "వెళ్ళొస్తాను" అని చెబితే, పాపం, అది గుమ్మందాకా వెళ్ళి తిరిగి వస్తుంది! మావాడు అలాగే ఒకసారి చేయించి చూపిస్తే, మా అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆనాటినుంచి వాడు ఒక నోటుపుస్తకం పెట్టి, బామ్మ నోట వచ్చే మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

మళ్ళీ ఇన్ఫోకామ్ దగ్గరికి వస్తాను. జోర్కులతో పేరు వచ్చాక వాళ్ళు ఒకేచోట ఆగిపోలేదు. 1982లో మార్క్ బ్లాంక్ 'డెడ్‌లైన్' అనే అపరాధ పరిశోధన రాశాడు. ఒక పెద్దమనిషి చనిపోయాడు. పన్నెండు గంటల్లో మీరు హంతకుణ్ణి పట్టుకోవాలి. కథకు కావలసిన వివరాలన్నీ డిస్కులో పట్టలేదు. అందుకని పోలీసుల వాఙ్మూలాలూ, ఉత్తరమూ, ఫోటోవూ, శవం దగ్గర దొరికాయన్న మాత్రలూ అన్నీ నిజంగానే తయారుచేసి పెట్టెలో పెట్టి అమ్మారు. అవి జనానికి ఎంతగా నచ్చాయంటే తరవాతి ఆటలన్నిటికీ అలాంటి వస్తువులు జతచెయ్యక తప్పలేదు. ఆ రోజుల్లోనే పోటీ కంపెనీలు రంగుల బొమ్మలతో ఆటలు తెస్తూవుంటే, వీళ్ళు పత్రికల్లో మనిషి మెదడు బొమ్మ వేయించి, మా బొమ్మలు అక్కడుంటాయన్న భావంతో ప్రకటనలిచ్చారు.

అది ఉత్త ప్రగల్భం కాదని 1983లో స్టీవ్ మెరెట్స్కీ రాసిన 'ప్లానెట్‌ఫాల్' రుజువు చేసింది. మీరు అంతరిక్ష నౌకలో నేలతుడిచే చిన్న ఉద్యోగి. నౌక పేలిపోయి, మనుషులు లేని ఒక గ్రహం మీద పడతారు. అక్కడ ఫ్లాయిడ్ అనే మరమనిషి తోడవుతాడు. చిన్నపిల్లవాడి స్వభావం వాడిది. వెంట తిరుగుతాడు, ఆడుకుందామంటాడు, విసిగిస్తాడు. చివరకు మీకోసం ప్రమాదకరమైన ప్రాణులున్న గదిలోకి తానే వెళ్ళి, కావలసిన వస్తువు తెచ్చి ఇచ్చి, మీ చేతుల్లో కన్నుమూస్తాడు. ఆ ఘట్టానికి ఏడ్చామని ఎంతోమంది చెప్పుకున్నారు. తెరమీద వున్నవి నాలుగు వాక్యాలు. ముఖం లేదు, గొంతు లేదు, వెనక వయొలిన్ లేదు. మా బి.ఏ. క్లాసులో కరుణరసం చెబుతూ ఈ కథ చెప్పాను. ఆ క్లాసులో వున్నది ఆరుగురు. వెనకబెంచీలో కూర్చునే పిల్ల గంటకొట్టాక కూడా లేవకుండా, "తరవాత బతుకుతాడా మేడమ్?" అని అడిగింది. ఆట గెలిస్తే వాణ్ణి బాగుచేస్తారని చెప్పాక గాని కదలలేదు.

1984లో ఇంగ్లీషు రచయిత డగ్లస్ ఆడమ్స్ తన ప్రసిద్ధ హాస్యనవల 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ'ని మెరెట్స్కీతో కలిసి ఆటగా మార్చాడు. అందులో చెవిలో పెట్టుకుంటే అన్ని భాషలూ అర్థమయ్యే చేప ఒకటుంది. దాన్ని సంపాదించడం ఎంత కష్టమంటే, సంపాదించినవాళ్ళు తొడుక్కు తిరగడానికి కంపెనీ ప్రత్యేకంగా బనియన్లు అమ్మింది! 1985లో మెరెట్స్కీ రాసిన 'ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్'లో చిక్కుముళ్ళు దాదాపు లేవు. మీరొక కంప్యూటరు. ప్రభుత్వం పెట్టబోయే పథకం వల్ల ఒక వూరు ఏమవుతుందో పదేసి ఏళ్ళు ముందుకు వెళ్ళి చూసి రావాలి. వూరు అదే, వీధులవే. పదేళ్ళ కొకసారి మనుషులు మరికొంచెం క్రూరంగా మారుతూవుంటారు. 1986లో బ్రయన్ మోరియార్టీ 'ట్రినిటీ' రాశాడు. లండన్ పార్కులో మొదలై, 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పేల్చిన చోట ముగుస్తుంది. వీటిని ఆట లనాలా, నవల లనాలా? పేరేదైనా, చదివినవాడు మరిచిపోలేడు.

1987లో ఆ కంపెనీ విడుదల చేసినన్ని ఆటలు మరే యేడూ చెయ్యలేదు. ఆడమ్స్ సహాయంతో తయారైన 'బ్యూరోక్రసీ'లో శత్రువు రాక్షసుడు కాదు; ఇల్లు మారిన మనిషి కొత్త చిరునామాను ఒప్పుకోని బ్యాంకు. ఆడేవాడి రక్తపోటు ఎంత పెరిగిందో ఆట లెక్కగడుతూ వుంటుంది! రేషన్ కార్డులో చిరునామా మార్పించుకున్నవాళ్ళకు ఈ ఆట సంగతి వేరే వివరించనక్కరలేదు. ఆమీ బ్రిగ్స్ అనే యువతి సముద్రపు దొంగల మధ్య ఒక కథానాయిక సాహసాన్ని 'ప్లండర్డ్ హార్ట్స్'గా రాసింది. నాకు అన్నిటికంటె నచ్చింది జెఫ్ ఓనీల్ రాసిన 'నార్డ్ అండ్ బర్ట్'. అందులో అన్నీ మాటల చమత్కారాలే. ఒకే ఉచ్చారణ గల మాటలు, అక్షరాలు తారుమారైన మాటలు, సామెతలు, వాటిని సరిగా అంటే దారి తెరుచుకుంటుంది. చూస్తూవుంటే నాకు మన అవధాన సభ జ్ఞాపకం వచ్చింది. పృచ్ఛకుడు ఒక చిక్కు వెయ్యడం, అవధాని మాటతో దాన్ని విప్పడం, సభ ఊపిరిబిగబట్టి వినడం – అదీ ఆటే గదా! నిషిద్ధాక్షరిని మించిన పజిలు ఏ కంప్యూటరులో వుంది?

ఇంత చేసిన కంపెనీ ఎందుకు మూతపడింది? బొమ్మలు వచ్చి మాటల్ని తరిమేశాయని చాలామంది అంటారు. అందులో కొంత నిజముంది. కాని మొదటి దెబ్బ వేరేచోట తగిలింది. ఆటలు పిల్లచేష్టలు, అసలు గౌరవం వ్యాపారానికి పనికివచ్చే ప్రోగ్రాములో వుందని ఆ సంస్థాపకులలో కొందరికి మొదటినుంచీ వుండేది. ఆటలమీద వచ్చిన డబ్బంతా పోసి, పైన అప్పు చేసి, 'కార్నర్‌స్టోన్' అనే ప్రోగ్రామును 1985 ఆరంభంలో విడుదల చేశారు. ఆఫీసుల్లో లెక్కాడొక్కా, చిట్టా ఆవర్జా దాచుకునే ప్రోగ్రాము అది. దానికీ జెడ్ యంత్రంలాంటి ఊహాయంత్రాన్నే వాడారు. కథకు ఆ నిదానం అడ్డురాలేదు గాని, గుమాస్తాకు అడ్డువచ్చింది. అది అమ్ముడుపోలేదు. ఉద్యోగులను తీసేశారు. 1986లో ఆక్టివిజన్ అనే కంపెనీ ఇన్ఫోకామ్‌ను కొనేసింది. కొన్న తరవాత యాజమాన్యం మారింది, పడలేదు. చివరి రోజుల్లో బొమ్మలు కూడా చేర్చి చూశారు. 1989లో ఆఫీసు మూసేనాటికి ఇరవయ్యారుగురు మిగిలారు. పదకొండుమందికి కాలిఫోర్నియా వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. అయిదుగురు వెళ్ళారు.

ఈ లెక్క చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. మా కాలేజీలో తెలుగు సాహిత్యం ప్రధానాంశంగా వున్న బి.ఏ.లో చేరినవాళ్ళు ఆరుగురని చెప్పాను గదా! వచ్చే యేడు ఆ గ్రూపు వుంచాలా, తీసివెయ్యాలా అన్నది ఇంకా తేలలేదు. మొన్నటి మీటింగులో ఒక పెద్దమనిషి, "తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే గదమ్మా, దానికి వేరే గ్రూపెందుకు?" అన్నాడు. ఇంట్లో మాట్లాడుకునే మాట ఎంత లోతైనదో ఆయనకు చెప్పాలంటే మా అత్తగారి దీపం దగ్గరనుంచి మొదలుపెట్టాలి. అంత వ్యవధి మీటింగులో ఇవ్వరు.

అయితే ఇన్ఫోకామ్ కథ 1989తో ముగియలేదు. పాత ఆటల్లో చాలావాటిని కట్టగట్టి 1991లో ఆక్టివిజన్ మళ్ళీ అమ్మింది. జీతంభత్యం లేని ఔత్సాహికులు ఆ ఊహాయంత్రం గుట్టు విప్పారు. ఇంగ్లండులో గణితశాస్త్రజ్ఞుడూ, కవీ అయిన గ్రాహం నెల్సన్ 1993లో 'ఇన్‌ఫార్మ్' అనే సాధనాన్ని తయారుచేసి ఎవరైనా అలాంటి కథలు రాసుకునే వీలు కల్పించాడు. 1995 నుంచి ఏటా అటువంటి కథలకు పోటీలు జరుగుతున్నాయి. ఆక్టివిజన్‌ను 2023లో మైక్రోసాఫ్ట్ కొన్నది. 2025 నవంబరులో మూడు జోర్కుల మూలప్రతులనూ అందరూ చదువుకోవచ్చుననీ, వాడుకోవచ్చుననీ బయటపెట్టింది. చూడండి విచిత్రం! ఆనాటి కంప్యూటర్లన్నీ పాతసామాను కొట్లోకి పోయాయి. ఏనాడూ లేని ఆ యంత్రం మాత్రం ఈనాటికీ నడుస్తోంది. ఇనుముతో చేసింది పోయింది, మాటలతో చేసింది మిగిలింది.

మావాడి ఆట కూడా ఒక రూపానికి వచ్చింది. మూడే గదులు, ఒక పెరడు, ఒక నుయ్యి. 'ఇంట్లో' అన్నా, 'ఇంటిలో' అన్నా, 'ఇంటిలోపల' అన్నా ఇప్పుడు దానికి తెలుస్తుంది. 'వెళ్ళొస్తాను' అంటే బుద్ధిగా వెళుతుంది. 'దీపం ఆర్పు' అని కొడితే మాత్రం, 'ఆ మాట అనకూడదు' అని జవాబు వస్తుంది. అది బామ్మ షరతు! ప్రాజెక్టుకు మార్కులు ఎన్ని వస్తాయో తెలియదు. కాని మొన్న వాడు నా పుస్తకాల బీరువా తెరిచి, బాలవ్యాకరణం తీసుకుని హాస్టలుకు పట్టుకుపోయాడు. దాని అట్ట ఊడిపోయి వుంది, జాగ్రత్త అని మాత్రం చెప్పాను.

వాడి నోటుపుస్తకంలో ఇప్పటికి నాలుగువందల పైచిలుకు మాటలు చేరాయి. పాత్రల పేర్లు, ధాన్యం కొలతలు, మడీ తడీ మాటలు, అనకూడని మాటలకు బదులు అనవలసిన మాటలు. వాటిలో మూడోవంతు నేను ఎం.ఏ. చదువులో ఎక్కడా వినలేదు. మీ ఇంట్లోనూ అటువంటి పెద్దవాళ్ళుంటే, సాయంత్రం ఒక పావుగంట వాళ్ళ పక్కన కూర్చుని, ఆ మాటలు పిల్లలచేత రాయించండి. కంప్యూటరు అక్కరలేదు, ఒక పెన్సిలూ, నాలుగు కాగితాలూ చాలు. ఆట ఆడేవాళ్ళు తరవాత వస్తారు.